ఎలీహియో చెయ్యి వేసిన కారు

మా ఆయన ఎలీహియో టింకరింగ్ మేస్త్రి. సాంతియాగోలో ఒకే వీధిలో, ఒకే రేకుల షెడ్డులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. పోయి రెండేళ్లు కావస్తోంది. ఎవరైనా అడిగితే మంచివాడనీ పనిమంతుడనీ చెప్పి ఊరుకుంటాను. నా ఒక్కదానికే గుర్తొచ్చేది మాత్రం ఒక శనివారం మధ్యాహ్నం.

మా వీధినిండా అవే షెడ్లు. అమెరికా వేలం పాటల్లో కొన్న దెబ్బతిన్న కార్లు ఓడలెక్కి వస్తాయి. ముక్కు చితికినవి కొన్ని, పక్క విరిగినవి కొన్ని. మావాళ్లు వాటిని లాగి, కొట్టి, అతికి, లప్పం పెట్టి, రంగు వేసి, కొత్త కారు ధరలో సగానికి అమ్ముతారు. కారు గుద్దుకుందన్న సంగతి కొనేవాడికి తెలుసు, కాగితాల్లోనే ఉంటుంది. ఎంత దెబ్బ తగిలింది, ఎంత కప్పిపెట్టారు అన్నదే తెలియాలి. అందుకోసం ఎలీహియోను పిలిచేవాళ్లు.

ఆయన సబ్బుతో చేతులు కడుక్కుని, తడి ఆరేదాకా ఆగి, కళ్లు మూసుకుని అరచెయ్యి రేకు మీద ఆనించేవాడు. ఒత్తేవాడు కాదు. నిద్రపోతున్న పసిబిడ్డ వీపు మీద వేసినంత తేలిగ్గా వేసి, ముందు నుంచి వెనక్కి నడిపించేవాడు. ఎక్కడైనా ఆగితే అక్కడ ఏదో ఉందన్నమాటే. "ఇక్కడ కోసి అతికారు" అనేవాడు. లోపలి అట్ట ఊడదీస్తే అతుకు కనపడేది. లప్పం మందం కొలిచే చిన్న యంత్రాలు ఊళ్లోకి వచ్చినా మా వీధిలో ఎవరూ కొనలేదు. "మేస్త్రి చెయ్యి ఉండగా బ్యాటరీలు దండగ" అనేవాడు ఎదురుగా క్షవరం దుకాణం నడిపే బియెన్వే.

ఈ వ్యవహారానికి ఒక కట్టుబాటు ఉంది. మేస్త్రి సరే అంటే కొనేవాడు ఇంకెక్కడా చూపించుకోడు. కాదంటే మాత్రం చోటు చూపించాలి. చోటు చూపించకుండా కాదనడమంటే సాటి పనివాడి కంచంలో మన్ను పోయడమే.

చివరి ఏళ్లలో ఆయనకు షుగరు బాగా ముదిరింది. ఒక ఆదివారం నేను గోళ్లు తీస్తుంటే ఆయన చేతి బొటనవేలు చీము పట్టి కనపడింది. పిండితే వడ్లగింజంత రేకు ముక్క బయటికొచ్చింది.

"ఇదెప్పుడు గుచ్చుకుంది?"

"తెలీదు."

"నొప్పి పుట్టలేదా?"

ఆయన రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని, ఎవరివో చేతులను చూసినట్టు చూశాడు. ఆ తర్వాత, "ఎవరికీ చెప్పకు, నెరేయిదా" అన్నాడు.

"అర్హెనిస్‌కి?"

"వాడికి అసలే వద్దు."

అర్హెనిస్ మా ఆయన దగ్గరే పని నేర్చాడు. షెడ్డు అప్పటికే వాడి చేతికొచ్చింది. వాడి పెద్దకొడుకు జ్ఞానస్నానానికి ఎలీహియోనే జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. అప్పటి నుంచీ వాళ్లు కొంపాద్రేలు. తోడబుట్టినవాడితో అబద్ధమాడినా ఆడొచ్చు గానీ కొంపాద్రేతో ఆడకూడదంటారు మావాళ్లు.

ఆ ఆదివారం నుంచి ఎవరు పిలిచినా ఆయన ఏదో ఒక సాకు చెప్పేవాడు. ఒకరోజు నడుం నొప్పి, ఒకరోజు జ్వరం. ఏడాది అలా నెట్టుకొచ్చాడు. అప్పుడు మా అమ్మాయి యుదెల్కాకు కారు దొరికింది.

అది కొండ అవతల పువెర్తో ప్లాతాలో నర్సు. వారానికి మూడుసార్లు కొండ దాటాలి. చిన్నప్పుడు బడి నుంచి తిన్నగా షెడ్డుకే వచ్చేది. చక్రాల్లేని స్పోర్ట్స్ కారులో కూర్చుని, స్టీరింగ్ తిప్పుతూ, అన్నం చిక్కుళ్లు అందులోనే తినేది.

"దొరికిందమ్మా" అంది ఆ శుక్రవారం, చెప్పులు కూడా విడవకుండా. "నల్లది. పైకప్పు మడిచేయొచ్చు. ఎడం వైపు దెబ్బ తింటే అర్హెనిస్ బాగుచేశాడు."

"సీట్లెన్ని?"

"రెండే."

"రెండు సీట్ల కారు ఎందుకే? గంపెడు కూరగాయలు కొంటే నెత్తిన పెట్టుకుని నడుపుతావా?"

"ఇన్నేళ్లూ జనాన్ని కుక్కే అద్దె కార్లలో ముందు సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని, గేరు కర్ర మోకాలికి గుచ్చుకుంటూ తిరిగానమ్మా. ఇందులో ఎవడూ 'కొంచెం జరుగు పిల్లా' అనలేడు."

నేను నవ్వాను. ఎలీహియో నవ్వలేదు.

"నాన్నా, రేపు వచ్చి చెయ్యి వెయ్యి. సరే అంటే కొంటా. కాదంటే ఆ వీధి మొహమే చూడను. మాటంటే మాట."

"ఊళ్లో పెద్ద కంపెనీ వాళ్ల దగ్గర కారు ఎక్కడ వంగిందో చూపే కొలతల బల్ల ఉంది. అక్కడికి తీసుకెళ్లు" అన్నాడు ఆయన.

"బాగుంది. మేస్త్రి కూతురు మేస్త్రిని ఇంట్లో కూర్చోబెట్టి బల్ల దగ్గరికి పోయిందంటారు. బియెన్వే నోరు నువ్వు మూయిస్తావా?"

అది స్నానానికి వెళ్లాక నేను వంటింట్లో ఆయన ఎదుట నిలబడ్డాను. "చెప్పేయి దానికి."

"ఏమని? మీ నాన్ననే గానీ ఈ చెయ్యి మాత్రం నాది కాదనా?"

"అలాగే చెప్పు."

"పైకప్పు లేని బండికి బలమంతా తలుపు కింద గడపలో ఉంటుంది" అన్నాడు, నా మాట వినపడనట్టు. "అది వంగినప్పుడు బల్ల మీద కట్టి లాగాలి. లాగడం కష్టమని లప్పంతో నింపేస్తే పైకి అద్దంలా ఉంటుంది. ఇంకోసారి గుద్దుకుంటే మడతమంచంలా ముడుచుకుపోతుంది. లోపల మనిషి ఉన్నా సరే."

"అయితే కాదని చెప్పు."

"ఎక్కడని చూపించను? నేను చూపించిన చోట గడప చక్కగా ఉంటే? అర్హెనిస్ షెడ్డులో ఆ తర్వాత ఎవడు కొంటాడు?"

పాలు పొంగుతుంటే అటు తిరిగాను.

శనివారం పన్నెండు గంటలకు వెళ్లాం. అర్హెనిస్ కారును కడిగి వీధిలో ఎండలో పెట్టాడు. నిజమే, చాలా అందంగా ఉంది. బియెన్వే కత్తెరతో సహా బయటికొచ్చాడు. అతని వెనకే సగం గడ్డం గీయించుకున్న మనిషొకడు ముఖాన నురగతో నిలబడ్డాడు.

యుదెల్కా ముందు రేకు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. "అబ్బా, పెనంలా ఉంది."

"నీడలోకి తొయ్యనా మేస్త్రీ?" అన్నాడు అర్హెనిస్.

"వద్దు. ఇక్కడే కానివ్వు."

కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన కళ్లు మూసుకుని అరచెయ్యి ఆ నల్ల రేకు మీద పెట్టాడు.

తీయలేదు.

"చూశారా, చెయ్యంటే అది" అన్నాడు బియెన్వే. "మనకైతే ఈపాటికి తోలు ఊడొచ్చేది. ఈయన ఎండను కూడా పట్టించుకోడు."

అందరూ నవ్వారు. మా అమ్మాయి కూడా గర్వంగా నవ్వింది. ఆ ఒక్క క్షణం నేను నోరు తెరిస్తే సరిపోయేది. తువ్వాలు మడిచాను, విప్పాను, మళ్లీ మడిచాను.

ఎలీహియో ఎడం వైపు మోకాళ్ల మీద కూర్చుని తలుపు కింద గడప మీద చెయ్యి నడిపాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి. ఆయన ఏ కారునూ మూడుసార్లు చూడగా నేనెరగను. తలుపు తట్టి, లోపలి నుంచి ఎవరైనా పలుకుతారేమోనని చెవి ఒగ్గి నిలబడ్డవాడిలా ఉంది ఆయన ముఖం.

తర్వాత కళ్లు తెరిచాడు. కారును చూడలేదు, అర్హెనిస్‌ను చూశాడు.

"కొంపాద్రే, ఈ గడప నువ్వు లాగావా, నింపావా?"

మేస్త్రి చెప్పడమే గానీ అడగడం ఎవరూ వినలేదు.

"ఇదేం వింత?" అన్నాడు బియెన్వే. "డాక్టరే రోగిని అడుగుతున్నాడు, నీ జబ్బేంటని."

"నువ్వు నోరు మూసుకో. శిష్యుడికి పరీక్ష పెడుతున్నాడు" అన్నాడు నురగ మనిషి.

అర్హెనిస్ చేతులు పంట్లాముకు తుడుచుకున్నాడు. "లాగాను మేస్త్రీ. బల్ల మీద కట్టి రెండు రోజులు లాగాను."

"నీ పెద్దకొడుకును ఇందులో కూర్చోబెట్టి కొండ దాటిస్తావా?"

అర్హెనిస్ కళ్లు కిందికి దిగాయి. ఎలీహియో చెయ్యి ఇంకా గడప మీదే ఉంది. మణికట్టు దాకా ఎర్రబడింది. వాడు ఆ చేతిని చూశాడు. నా వైపు చూశాడు. నేను తువ్వాలును చూశాను.

"దాటిస్తాను" అన్నాడు.

మాట వెంటనే రాలేదు. ఒక్క ఊపిరి ఆలస్యమైంది. ఆ ఊపిరి గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. అబద్ధం చెప్పడానికి పట్టిన సమయమా అది? తన మేస్త్రికి ఇక చెయ్యి లేదని తెలుసుకోవడానికి పట్టిన సమయమా?

"అయితే సరే" అన్నాడు ఎలీహియో.

చప్పట్లు కొట్టారు. యుదెల్కా పరుగున వచ్చి కాలిపోయిన ఆ అరచేతినే పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "నాన్నా, నీ చెయ్యి ఎంత వేడిగా ఉందో" అంది.

సాయంత్రానికి అరచెయ్యి నిండా బొబ్బలు లేచాయి. అమ్మాయి కొత్త కారులో స్నేహితురాళ్ల ఇళ్లకు తిరగడానికి వెళ్లింది. నేను కలబంద ఆకు చీల్చి గుజ్జు రాస్తున్నాను. ఆయన నా చేతి వైపు చూస్తున్నాడు, ఎక్కడ రాస్తున్నానో చూస్తేనే తెలుస్తుందన్నట్టు.

"ఏమైనా తెలిసిందా?" అన్నాను.

"ఎండ కూడా తెలీలేదు."

"మరి సరే అన్నావు."

"వాడి ముఖం చూసి అన్నాను. నాకు రేకు చూడటం వచ్చు గానీ ముఖాలు చూడటం రాదు, నెరేయిదా." చెయ్యి వెనక్కి తీసుకుని, "నువ్వెందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

"నువ్వే వద్దన్నావు."

"అవును. నేనే వద్దన్నాను."

అప్పటి నుంచి అమ్మాయి డ్యూటీకి వెళ్లిన రోజున ఆయన ముందు గదిలో కుర్చీ వీధి వైపు తిప్పుకుని కూర్చునేవాడు. వాన పడితే లేచి నడిచేవాడు. కొండ మీద వానంటే రోడ్డు మీదికి మట్టి జారుతుంది. రెండుసార్లు దానితో అన్నాడు, "ఈ బండి అమ్మేసి ఇంకేదైనా కొనుక్కోరాదూ" అని. "ఎందుకు నాన్నా? నువ్వు చూసిన బండి కదా" అంది అది. మూడోసారి అడగలేదు. తర్వాతి ఏడాది మూత్రపిండాలు పోయాయి. యంత్రం మీద రక్తం కడిగించుకుంటూ కూడా "వచ్చిందా?" అనే అడిగేవాడు.

సమాధి చేసిన తొమ్మిదో రోజు జపం అయ్యాక అర్హెనిస్ కుర్చీలు సర్దుతుంటే నేను పెరట్లోకి పిలిచాను.

"ఆ గడప..." అన్నాను.

"ఆ రోజే చెప్పానమ్మా" అన్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. ఆ రోజు ఇంట్లో అందరి కళ్లూ తడిగానే ఉన్నాయి. ఇంకోసారి అడిగితే అబద్ధాలకోరు అన్నట్టే అవుతుంది. కాఫీ తాగమన్నాను. తాగి వెళ్లాడు.

ఈ మధ్య పువెర్తో ప్లాతాలో కూడా కొలతల బల్ల పెట్టారని యుదెల్కాయే మాటల్లో చెప్పింది. గంటలో కారు ఒళ్లంతా కొలిచి కాగితం ఇస్తారట. నేను చేస్తున్న పని ఆపేశాను.

"ఒకసారి చూపించరాదూ?"

"ఏం చూపించను?"

"కారు."

"దేనికి? బాగానే నడుస్తోందిగా."

"ఊరికే. నా మనసు కుదుట పడటానికి."

అది నన్ను తేరిపార చూసింది. కోపం కాదు. కోపమైతే బాగుండేది. "నాన్న చేతి మీద నీకు నమ్మకం లేదా అమ్మా?"

ఆ చేతికి ఆ శనివారం ఏమీ తెలియలేదని చెప్పాలంటే రెండు మాటలు చాలు. చెబితే ఆ కారులో దానికి మిగిలిన తండ్రి కూడా పోతాడు. డ్యూటీకి వెళ్లే ప్రతిసారీ స్టీరింగ్ పట్టుకునే ముందు అది తలుపు మీద ఒకసారి అరచెయ్యి ఆనించి వెళ్తుంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉంటాను. చెప్పకపోతే వారానికి మూడుసార్లు కొండ ఎక్కుతుంది, దిగుతుంది.

"ఉంది" అన్నాను.

"మరి? రా, మార్కెట్‌కి తీసుకెళ్తా. అరటికాయలు అయిపోయాయన్నావుగా."

సంచి ఒళ్లో పెట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. అది పైకప్పు మడిచేసింది. వీధి చివర గతుకు దగ్గర కారు కొంచెం ఎడమకు లాగినట్టనిపించింది. గతుకు వల్లే కావచ్చు. నాకు కార్ల గురించి ఏమీ తెలియదు.