పాటల డబ్బాలో వదిన గొంతు

మా పై వాటాలో ఉండే వదినా, నేనూ ఒకే లాండ్రీలో పనిచేస్తాం. ఆసుపత్రుల నుంచీ హోటళ్ల నుంచీ వచ్చే దుప్పట్లకు ఆవిరి ఇస్త్రీ చేయడం మా పని. సాయంత్రానికి భుజాలు మనవి కాకుండా పోతాయి. ఆ భుజాలతోనే వదిన మెట్లెక్కి ఇంకో ఉద్యోగం మొదలుపెడుతుంది. వాళ్ల అత్తగారికి చూపు ఆనదు. ఆవిడ కొడుకు లారీ డ్రైవరు. ఇంట్లో ఉండే రోజుల కంటే రోడ్డు మీద ఉండే రోజులే ఎక్కువ. పగలంతా ఆ పెద్దమ్మ ఒక్కతే ఉండాలి. ఆవిడ అలా ఉండగలిగినన్నాళ్లే వదిన ఉద్యోగం. అది పోతే ఇల్లు గడవదని అత్తకూ తెలుసు, కోడలికీ తెలుసు. అందుకే ఎవరూ ఆ మాట ఎత్తరు.

పనిలో మమ్మల్ని ఫోను పట్టుకోనివ్వరు. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి తిన్నారా అని అడిగే దారి లేదు. అందుకని వదిన అరచేతిలో పట్టే మ్యూజిక్ ప్లేయర్ ఒకటి కొంది. స్పీకరు దాంట్లోనే ఉంది, మన గొంతు కూడా రికార్డు చేసుకోవచ్చు. పాటలు వరసగా ఎక్కించి, వాటి మధ్య తన మాటలు పెట్టింది. కొన్ని పాటలయ్యాక "అత్తయ్యా, అన్నం తినండి." ఇంకో పాటయ్యాక "బీపీ మాత్ర వేసుకోండి." ఆ తర్వాత "కాసేపు పడుకోండి." బయల్దేరేముందు మీట నొక్కితే చాలు, పెద్దమ్మకు పాటలే గడియారం. ఆ తెలివి నాకెందుకు రాలేదా అని కుళ్లుకున్నాను కూడా.

ఆ డబ్బాకు మంచి గుణాలు లేకపోలేదు. అడ్డమైనవాళ్లూ దానికి ఫోన్ చేసి లోను కావాలా అని అడగరు. కరెంటు పోయినా రోజంతా పాడుతుంది. చూడ్డానికి బొమ్మల్లేవు కాబట్టి చూపు లేనివాళ్లకు లోటు లేదు. ఇక అవగుణాలంటారా, మీటలన్నీ చొక్కా గుండీల్లా ఒకేలా ఉంటాయి, ఏది నొక్కామో వేలికి తెలియదు. పైగా చెప్పడమే గానీ వినడం రాదు దానికి. ఆ లెక్కన మా సూపర్‌వైజర్ కూడా డబ్బానే.

మొన్న సాయంత్రం మేమిద్దరం మెట్లెక్కుతుంటే పైనుంచి "అన్నం తినండి" అని వినిపించింది. అన్నం వేళ ఎప్పుడో దాటిపోయింది. వదిన పరుగెత్తింది. తలుపు తీసేసరికి పెద్దమ్మ మంచం పక్కన నేలమీద చతికిలబడి ఉంది, ఒళ్లంతా చెమట. నేను వీధి చివరి క్లినిక్ నుంచి నర్సును పిలుచుకొచ్చాను. బీపీ పడిపోయిందంది. ఎన్ని మాత్రలు వేసుకున్నారని అడిగితే పెద్దమ్మ మెల్లగా "రెండు" అంది. నర్సు చాలాసేపు కూర్చుని, గండం గడిచిందనుకున్నాకే లేచింది.

జరిగిందేమిటంటే, సౌండు పెంచబోయి పెద్దమ్మ దాని పక్క మీట నొక్కింది. పాటల్ని కలగాపులగం చేసే మీట అది. దాంతో మాత్ర వేసుకోమని డబ్బా రెండుసార్లు చెప్పింది.

నర్సు వెళ్లగానే వదిన విరుచుకుపడింది. "ఒకసారి వేసుకున్నానని తెలీదా అత్తయ్యా? మీరేమన్నా చిన్నపిల్లా?"

"తెలుసే అమ్మాయ్."

"తెలిసి ఎందుకు వేసుకున్నారు మరి?"

పెద్దమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "నువ్వు మళ్లీ చెప్పావు గదా. ఇందాకే వేసుకున్నానమ్మా అంటే నీకు వినపడదాయె. అసలే పొద్దుణ్నుంచీ విసుక్కుంటూనే ఉంటివి. మాట వినకపోతే ఇంకెంత విసుక్కుంటావోనని..."

"నేనా? నేనెప్పుడు విసుక్కున్నాను?"

"అదుగో, అందులో."

వదిన నావైపు చూసి, డబ్బా తీసి మీట నొక్కింది. "అత్తయ్యా, అన్నం తినండి." మాటల్లో తప్పు పట్టడానికేం లేదు. ఆ గొంతు వింటే మాత్రం ముఖం ఎక్కడ పెట్టుకోవాలో నాకే తెలియలేదు. డ్యూటీ దిగి వచ్చి చేసిన రికార్డు అది. ఆ గొంతుతో మేము పడుకునేదాకా నాలుగు మాటలు మాట్లాడతాం, అంతే. పెద్దమ్మ దాన్ని నెలల తరబడి పగలంతా వింటోంది.

వదిన మర్నాటికి ఒక్క మాత్ర గిన్నెలో పెట్టి, మిగతావి బీరువాలో దాచింది. ఈ ముక్క మాకు ముందే తట్టి ఉండాల్సింది. ఆ పాడు మీట మీద ప్లాస్టరు అంటించింది. తర్వాత ముఖం కడుక్కొచ్చి, డబ్బాను నోటి దగ్గర పెట్టుకుని మళ్లీ చెప్పింది. "అత్తయ్యా, అన్నం తినండి." వేసి విన్నాం. అదే విసుగు. తియ్యగా చెప్పబోతే బస్టాండు అనౌన్స్‌మెంటులా వచ్చింది. మూడోసారి మధ్యలోనే ఆపేసింది.

"ఇవాళ వద్దులే తల్లీ," అంది పెద్దమ్మ మంచం మీంచి. "పొద్దున లేచాక చెబుదువుగాని."

"పొద్దున ఎక్కడ తీరుతుంది అత్తయ్యా?"

"అయితే సెలవు రోజున చెప్పు. నాకేం తొందర?"

ఆ వారం మాకు సెలవు లేదు. మర్నాడు పొద్దున వదిన ఆ పాత గొంతునే పెట్టి, తలుపు దగ్గరగా వేసి, నాతోపాటు మెట్లు దిగింది.