అవతలి గట్టు మనిషి

నా నోరు మంచిది కాదని కైకలూరులో అందరికీ తెలుసు. అందుకే ముందే చెప్పేస్తున్నా, వీర్రాజు గారంటే నాకు జాలికంటే కోపమే ఎక్కువ. అంత మెత్తటి మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మంట. గట్టు మీద అడ్డంగా పడుకున్న కుక్కని కూడా "కాస్త జరగండీ" అనే రకం ఆయన.

కొల్లేటి అంచున మా యజమాని చేపల చెరువుకి ఆయన కాపలా. సొంతూరు గుండుగొలను. పెళ్ళాం ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు మోసీ మోసీ భుజం పట్టేస్తే, వచ్చి ఈ గట్టు మీద పాకలో పడ్డాడు. చెరువుల మీద పనివాళ్ళకి నేను క్యారేజీలు కట్టి తెచ్చేదాన్ని, అలా పరిచయం. ఆయన పనల్లా పక్షుల్ని తోలడం. తెల్లారగట్ల గూడబాతులు, నీటికాకులు గుంపులుగా వచ్చి వాలతాయి, ఊరుకుంటే చెరువుని ఊడ్చిపెట్టేస్తాయి. అందుకని కొబ్బరిచెట్టుకి నూనెడబ్బా ఒకటి కట్టుకుని కర్రతో దడదడా బాదేవాడు.

అవి లేచి ఎక్కడికి పోతాయి? కాలవ దాటి అవతలి చెరువులో వాలేవి. అక్కడ కాపలా ఒక ఆడమనిషి. ఆవిడ సత్తు పళ్ళెం తీసుకుని బాదితే పక్షులు మళ్ళీ ఇటు. మొదట్లో ఇద్దరికీ తగువేనట. తగువంటే ఆవిడ తిట్టేది, ఈయన "అలా అనకండీ" అని ఇక్కడ గొణుక్కునేవాడు. అవతలికి వినపడేంత గొంతు ఈయనకెక్కడిది?

రానురాను తిట్లు పోయి చప్పుళ్ళు మిగిలాయి. పక్షులు లేకపోయినా పొద్దున్నే ఈయన డబ్బా కొట్టేవాడు, అటు పళ్ళెం పలికేది. సాయంత్రం పాకలోకి వెళ్ళే ముందు మళ్ళీ అంతే. "ఇవాళ ఆవిడకి ఒంట్లో బాలేదండీ, చెయ్యి సరిగ్గా ఆడట్లేదు" అనేవాడు నాతో. చీర రంగు తప్ప ముఖం ఎరగడు. కాలవ మీద వంతెన లేదు, చుట్టూ తిరిగి వెళ్ళాలంటే సగం పూట నడక. యజమాని ఎప్పుడో వచ్చి మేత సంగతి అడిగి పోతాడు, నేను క్యారేజీ ఇచ్చి పోతాను. రోజు మొత్తంలో నువ్వున్నావా, ఉన్నానని చెప్పుకునే మనిషి ఆయనకి ఆ పళ్ళెం ఒక్కటే.

పోయిన చలికాలం యజమాని కొడుకు చరణ్‌తేజ గట్టు మీద టెంట్లు వేయించాడు. క్యారవాన్లూ రప్పించాడు. అంటే బస్సులోనే ఇల్లన్నమాట: మంచం, పొయ్యి, స్నానాలగది, ఏసీ, అన్నీ అందులోనే. హైదరాబాదు వాళ్ళు కుటుంబాలతో వచ్చి కొబ్బరిచెట్ల కింద బస్సు ఆపుకుని, ముందు కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. నన్ను వంటకి పెట్టుకున్నారు. వాళ్ళు వచ్చేదే గూడబాతుల్ని చూడటానికైతే ఇంక డబ్బా ఎవరు కొట్టనిస్తారు?

చరణ్‌తేజ మర్యాదగానే చెప్పాడు. డబ్బా విప్పేయమని, చేపలు పోతే పోయాయి, పక్షులుంటేనే మనకి జనమని. ఇకనుంచి క్యారవాన్లకి వేణ్ణీళ్ళు అందించమన్నాడు. వీర్రాజు గారు అలాగేనండీ అన్నారు.

మర్నాడు పొద్దున్న అవతల పళ్ళెం మోగింది. ఈయన గట్టు చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ మోగింది. ఆ తర్వాత రోజూ గట్టిగా, గాభరాగా మోగేది. దోసెలు పోస్తూ నేను అరిచాను, వెళ్ళి ఆవిడకి సంగతి చెప్పి రావచ్చు కదా అని. పరాయి ఆడమనిషి పాకకి వెళ్ళి ఏమని చెప్పాలి, డబ్బా కొట్టొద్దన్నారని చెప్పడానికి ఇంత దూరం వచ్చాడా అనుకోదా అని ఆయన వాదన. ఒళ్ళు మండింది నాకు. కానీ తిండి తగ్గిపోయింది ఆయనకి. చుట్టూ అంత జనం, పాటలు, చలిమంటలు, మధ్యలో బకెట్ పట్టుకుని ఆయన. అంత ఒంటరి మనిషిని నేనింతవరకూ చూడలేదు. మంట పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోమనరు. అన్నా కూర్చోడు, అది వేరే సంగతి.

కొన్నాళ్ళకి పళ్ళెం కూడా ఆగిపోయింది. ఆ మర్నాడే, టీలు ఇచ్చే వేళకి, తెల్ల చీర కట్టుకున్న ఒకావిడ గట్టు మీద నడిచి వచ్చింది. మోకాళ్ళదాకా బురద. చేతిలో బంతిపూల దండ. క్యారవాన్ల వాళ్ళు తమకి స్వాగతమనుకుని ఫోన్లు తీశారు. ఆవిడ వాళ్ళని చూడనైనా చూడకుండా నా దగ్గరికొచ్చింది.

"డబ్బా కొట్టే ఆయన్ని ఎక్కడ పడుకోబెట్టారమ్మా?"

నాకేం అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. డబ్బా ఆగిపోయింది, పక్షులన్నీ ఇక్కడే వాలి లేవడం లేదు, అంటే తోలే మనిషి లేనట్టే కదా అనుకుందట. పైగా గట్టు నిండా డేరాలు, బళ్ళు, జనం. పాపం ఆయనకి ఇంతమంది చుట్టాలున్నారా అని ఆశ్చర్యపోయిందట. పాక దగ్గర పెంచుకున్న పూలు గుచ్చుకుని, ఒక ప్రార్థన చేసుకుని పోదామని వచ్చిందట.

ఇంతలో వీర్రాజు గారు బకెట్‌తో వచ్చారు. ఈయనే అన్నాను. ఆవిడ దండ వదిలేసి గట్టు మీదే కూలబడి భోరున ఏడ్చింది.

"బతికుండే కొట్టలేదా?" అంది.

"కొట్టొద్దన్నారండీ" అన్నాడు ఈయన, తప్పు చేసినవాడిలా.

టీ ఇస్తే సగం తాగింది. పేరు పాపమ్మ అని చెప్పింది. సెలవడిగి వచ్చాననీ, తొందరగా పోవాలనీ లేచింది. ఈయన గట్టు చివరిదాకా సాగనంపి వచ్చాడు. కనీసం ఫోన్ నంబరైనా తీసుకున్నారా మహానుభావా అని అడిగాను. ఏడుస్తున్న మనిషిని నంబరెలా అడుగుతామండీ అన్నాడు. మీకు దండం పెట్టాలి అన్నాను.

కానీ ఆ రోజు ఒక వింత జరిగింది. జన్మలో ఎవర్నీ ఏదీ అడగని మనిషి చరణ్‌తేజని అడిగాడు, సాయంత్రం పూట ఒక్కసారి డబ్బా కొట్టుకుంటానని. అతను నవ్వి సరే అన్నాడు. సాయంత్రం కొట్టాడు. అవతల్నుంచి ఏమీ లేదు. మర్నాడూ లేదు. దాంతో పరాయి ఆడమనిషి పాక అన్న మాట మర్చిపోయి, చుట్టూ తిరిగి తనే వెళ్ళాడు.

పొద్దు వాలే వేళకి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి నా పొయ్యి పక్కన కూర్చున్నాడు. అక్కడ కొత్త కాపలావాడు ఉన్నాడట. అతనే చెప్పాడట. చావుకి వెళ్ళాలని చెప్పి ఆవిడ సెలవు తీసుకుంది. తిరిగొచ్చి, ఆయన బతికే ఉన్నాడని ఉన్నదున్నట్టు చెప్పింది. డేరాల దగ్గర వేడుక చూడ్డానికి అబద్ధమాడావని ఆ యజమాని ఆ పూటే పొమ్మన్నాడట. మూట కట్టుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

క్యారవాన్ వాళ్ళు వేణ్ణీళ్ళకి కేకేస్తున్నారు. ఆయన కదల్లేదు.

"సెలవడిగేటప్పుడు ఆవిడేమందో తెలుసాండీ?" అన్నాడు. "మా మనిషి పోయాడు, చూసొస్తాను అందంటండీ. మా మనిషి అందంట. మా ఆవిడ పోయాక నన్నెవరూ ఆ మాట అనలేదండీ."

కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా తెలియట్లేదు. ఏడుపొచ్చింది నాకు కూడా.

"ఆవిడది ఏ ఊరో మీకేమైనా తెలుసాండీ?" అని అడిగాడు.

తెలియదన్నాను. నీళ్ళ బకెట్లు నేనే మోసుకెళ్ళాను.