ఎర్ర దారం సీసా

ఆరేళ్ల కిందట, శ్రావణమాసం మొదటి మంగళవారం, పొద్దున ఆరుంబావు. నందివాడ దగ్గర మా ఊరి పాలకేంద్రం. ఆ పావుగంట అప్పటినుంచీ నిండు పాలక్యానులా నా గుండెల మీద కూర్చుంది. దించమని ఎవరినీ అడగలేకపోయాను. చదివే మీతో చెబుతున్నాను.

సౌజన్య అనే పిల్ల గుడివాడలో బస్సెక్కి వచ్చింది. కాలేజీలో తను తయారుచేసిన, అరచేతిలో పట్టే పరికరం తెచ్చింది. పాలచుక్క వేస్తే, గేదెకి సూదిమందు పడిందో లేదో చెబుతుంది. గీత వస్తే మంచి పాలు. రాకపోతే మందు పాలు.

"జొరం చూసే పుల్లలా ఉందేంటమ్మా ఇది!" అని నవ్వాడు కేంద్రం సెక్రటరీ రంగారావు.

నేను నవ్వలేదు. నా గేదెకి పొదుగువాపు. ముందురోజే సూది వేయించాను. ఆ పాలు పారబొయ్యమని పశువుల డాక్టరు చెప్పాడు. పారబోసే మొహమా నాది?

మాలో సగం మందికి అక్షరం రాదు. పరీక్షకి పాలు పోసిన సీసా మెడకు కట్టిన దారం రంగే మా పేరు. నాది ఎర్రది, మా వీధి మరియమ్మది తెల్లది. ఆ పిల్ల అటు తిరగగానే రెండు దారాలూ మార్చి కట్టాను. చేతులు వణికాయా? లేదు. నా మీద నాకు అసహ్యం అక్కడే.

తెల్ల దారం సీసాకి గీత రాలేదు.

"అక్కా, నా గేదెకి సూదే పడలేదక్కా. రోజూ చూస్తానే ఉన్నావుగా, నువ్వన్నా చెప్పు," అంది మరియమ్మ.

"మిషను అబద్ధమాడుద్దా?" అన్నాను.

మర్నాడు ఆమె పాలొక్కటే మళ్లీ చూస్తే గీత వచ్చింది. ఊరేమంది? పక్కింటి పాలు తెచ్చిందంది. పిల్లదేమో రోజుకో మాట చెప్పే మిషనంది. ఇద్దరినీ నమ్మకపోతే ఎవరి గేదె సంగతీ బయటపడదు కదా, అదీ మా ఊరి తెలివి. కేంద్రంలో ఇక మరియమ్మ పాలు పోయించుకోలేదు. ఆమె గేదెని అమ్మేసింది. సౌజన్య మళ్లీ రాలేదు. నా మందు పాలు మాత్రం దర్జాగా ట్యాంకులో కలిసి, ఏ పసిబిడ్డ గ్లాసులోకి పోయాయో!

అరవై దాటాక అక్షరాలు దిద్దాను. నేర్చిన అక్షరాలతో ఇన్నాళ్లూ ఏం రాశాను? సంతకం. మరియమ్మ ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది. పలుకుతాను కూడా, సిగ్గులేకుండా.

మన్నించమని అడగను. మన్నిస్తే ఆమె మంచిదవుతుంది, నేను కాను. రాసి చెయ్యి లాగుతోంది. గుండె మీద మాత్రం కాస్త తేలికైంది.

ఆ పొద్దున అక్కడ ఉన్నవాళ్లు: నవ్విన రంగారావు, నిజం చెప్పే పరికరం తెచ్చిన సౌజన్య, మంచి పాలు తెచ్చిన మరియమ్మ. ఎర్ర దారం, నేను.