ఆగమాగం అంటే ఆగి ఆగి కాదు

మన్సూరాబాద్‌లో జాకెట్లు కుట్టి బతికేదాన్ని. ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో లైనింగ్ గుడ్డ కొనుక్కుని స్కూటీ మీద వస్తుంటే, ఎల్బీనగర్ దగ్గర పక్కరోడ్డులోంచి ఒక కారు మెయిన్ రోడ్డులోకి దూరి నన్ను గుద్దింది. నా కుడి మణికట్టు విరిగింది. కారాయన దిగి ముందు తన బంపర్ చూసుకున్నాడు. ఒళ్లు మండిపోయింది. కేసు వేశాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే వాయిదా, కోర్టు గేటు ముందు లాయర్లు టెంటు వేస్తే వాయిదా. ఏడాది దాటాక నన్ను బోనెక్కించారు.

కారు తరఫు బీమా లాయరు లేచాడు. “తప్పు కారుదంటున్నారు. మరి కారు ఆగి ఆగి వచ్చిందని మీ పిటిషన్‌లో మీరే రాశారేం?”

పిటిషన్ ఇంగ్లీషులో ఉంటే చదవకుండానే సంతకం పెట్టాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! మా లాయరు వైపు చూశాను. ఆయనది గుంటూరు వైపు. మంచాయనే గానీ, నా మాట సగం ఆయన చెవికెక్కదు.

“మీరే కదండీ అలా చెప్పారు?” అని గొణిగాడు.

“నేనెప్పుడన్న సారూ? ఆగమాగం ఒచ్చిండన్న! ఆగి ఆగి ఒస్తే నా చెయ్యెట్ల ఇరుగుతది?”

జడ్జిగారు కళ్లజోడు తీశారు. “ఆగమాగం అంటే ఏమిటమ్మా?”

“ఎన్క ముందు సూడకుంట ఉరుకుడు సార్. ఇయ్యాల బంద్ లేదని తెల్వంగనే లాయర్ సార్లంత లోపలికి ఎట్ల ఒచ్చిన్రు? గదే!”

హాలంతా ఘొల్లుమంది. జడ్జిగారు నవ్వాపుకుంటూ ఆ మాట దిద్దించారు. బీమా లాయరు మాత్రం వదల్లేదు.

“పిటిషన్ మీద సంతకం ముత్యంలా ఉంది. చెయ్యి బాగైనట్టే కదా?”

“అది ఎడమచేత్తో పెట్టిన సార్. నెలరోజులు మా బిడ్డ నోటుబుక్కుల నేర్చుకున్న.”

జడ్జిగారు కాగితం, పెన్ను ఇప్పించారు. “కుడిచేత్తో మీ పేరు రాయండమ్మా.”

మొదటి అక్షరం సగంలో పెన్ను జారిపడింది. మళ్లీ ఇచ్చారు. మళ్లీ పడింది. రోజుకు ఆరు జాకెట్లు కత్తిరించిన చెయ్యి! బీమా లాయరే వంగి పెన్ను తీసి బల్ల మీద పెట్టి, “ఇంకేమీ అడగను సార్” అని కూర్చున్నాడు.

బయటికి రాగానే మా లాయరు సంబరంగా, “గెలిచినట్టేనండీ! చెయ్యి ఇక పనిచెయ్యదని జడ్జిగారు నమ్మేశారు!” అన్నాడు.

నేను ఆ మెట్ల మీదే కూలబడి భోరున ఏడ్చాను. కట్టు విప్పినప్పటి నుంచీ, ఇవాళ కాకపోతే రేపు కత్తెర పట్టుకుంటాననే అనుకుంటూ ఉన్నాను.