పాత కోడలి ఆషాఢం

మొన్న బషీర్‌బాగ్ దవాఖాన నుంచి వచ్చిన మా మనవరాలు నా మంచం మీద కూలబడి, డాక్టరమ్మ గాజుగిన్నెల పెంచిన పిండాలల్ల ఒక్కటే కడుపుల పెడతనంటున్నదని, అత్తగారోళ్ళేమో రెండు పెట్టిస్తే ఒక్క కాన్పుతోనే పనైపోతది గదా అంటున్నరని, ఏం చెయ్యాల్నో చెప్పు అమ్మమ్మా అని అడిగింది. నాకు సంతకం తప్ప రాత రాదు, నేను చెప్తాంటే ఇది రాస్తున్నది గూడ ఆ పిల్లనే.

జవాబు కంటె ముందు నాకు మా అత్త యాదికొచ్చింది. డెబ్బైల మొదట్ల నాంపల్లి స్టేషన్ ఎనక గల్లీల కిరాయికుండేటోళ్ళం, మా ఆయన ఆబిడ్స్‌ల బట్టల దుకాణంల గుమాస్తా, పెండ్లై ఎనిమిదేండ్లైనా నా కడుపు పండలే. కొత్తగ గోలీలొచ్చినయంటే ఆబిడ్స్‌ల ఒక డాక్టరమ్మ దగ్గరికి మా అత్తనే తీస్కపోయింది. గోలీలు మింగినంక ఆ ఆంధ్ర డాక్టరమ్మ పొత్తికడుపు నొక్కి చూసి, మందు ఎక్కువ పనిచేసింది, గుడ్లు ఒక్కసారే చాలా తయారైనట్టున్నాయి, ఈ నెల కడుపు నిలిస్తే ముగ్గురో నలుగురో పడొచ్చు, నెలలు నిండకుండా వచ్చేస్తే ఒక్కరూ దక్కరు, నీ ప్రాణానికీ మంచిది కాదు, మీ ఆయనకు దూరంగా ఉండమ్మా అని మెల్లగ చెప్పింది.

“ఎనిమిదేండ్లకు చెట్టు పూతకొస్తే దులపమంటవా తల్లీ?” అని మా అత్త గయ్యిమన్నది. వాపసు రిక్షా ఎక్కినం. నాంపల్లి మలుపు తిరిగినంక, ఎన్నడు చెప్పని మాట చెప్పింది. తన తొలి కాన్పుల ఇద్దరు పిల్లలు ఏడో నెలకే వచ్చిన్రట, అరచేయంత గూడ లేరట, ఏడువనన్న ఏడువలేదట.

మాది ఒక్కటే అర్ర, నడుమ చీర పరదా, గల్లీ నిండ చెవులు, ఇసొంటి సంగతి నోరిడిచి చెప్పుకునే కాలం కాదని నా ఈడు ఆడోళ్ళకు ఎరుకే. మా అత్త రిక్షా దిగుతనే, ఆషాఢమొస్తుంది గదా, కోడల్ని తల్లిగారింటికి తోలుతున్ననని అందరికి వినబడేటట్టు అన్నది. ఆషాఢమనేది కొత్త కోడండ్లకు గదా, నీ కొడుక్కు మళ్ళ పెండ్లి చేసినవా ఏందని నల్లా కాడ ఆడోళ్ళు ఒకటే నవ్వుడు. “ఔ, చేసిన. గదే పిల్లతోని!” అన్నది మా అత్త.

ఉస్మాన్‌గంజ్‌ల మా తల్లిగారింటి కిందనే బెల్లం దుకాణం ఉండె. మా ఆయన రోజు సైకిలేసుకొని బెల్లం కొననీకొస్తుంటె, “ఏంది బావా, మీ ఇంట్ల రోజు పాయసమేనా?” అని మా తమ్ముడు ఆడిపిచ్చేటోడు. నేను కిటికీల నుంచి చూసి, నవ్వి, లోపలికొచ్చి ఏడ్చేదాన్ని, చెట్టు పూతకొచ్చే ఇసొంటి నెల మళ్ళ వస్తదో రాదో అని.

శ్రావణంల మందు తగ్గించి ఇచ్చిన్రు, ఆ ఏడు దాటకముందే కడుపు నిలిచింది. డాక్టరమ్మ గొట్టం పెట్టి విని ఒక్క గుండెనే అంటే, జర ఇంకోసారి ఇను తల్లీ అని మా అత్త బతిమాలింది. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది, ఆ బిడ్డ బిడ్డనే ఈ రాసే పిల్ల.

ఇప్పుడు అన్నీ తెర మీద కనబడతయి, మొగుడూ పెండ్లాలు సిగ్గు లేకుంట అడుగుతరు, అది మంచిదే. ఆగుమని చెప్పి, ఆ నవ్వులన్ని తన మీదేసుకునే మా అత్త అసొంటిదే ఇప్పుడు దొరకదు. గందుకే ఆమె మాట నేను చెప్తున్న. ఒక్కటే పెట్టించుకో బిడ్డా. నిలువకుంటే ఆషాఢమనుకో, దాని ఎనక శ్రావణం రాకుంట ఎటు పోతది?