వెలుగోడులో వదలని తాబేళ్లు

మీరు ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్న ప్రాణి, మీకు విసుగు పుట్టిన రోజున ఎక్కడికి పోతుంది? గాజుతొట్టిలో చేప కావచ్చు, బకెట్లో తాబేలు కావచ్చు, పెరట్లో పిల్లి కావచ్చు. కొన్న రోజు దాని రంగు చూశారు, ముద్దు చూశారు, ఇంటికి కలిసొస్తుందని ఎవరో చెబితే నమ్మారు. అది పెరిగి పెద్దదై, నీళ్లు కంపు కొట్టి, పిల్లలు దాని వంక చూడడం మానేసిన రోజు సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించలేదు. ఆలోచించకుండానే కరపత్రాలు కూడా అచ్చు వేయించాను. అందుకే ఇంత నిలదీసి అడుగుతున్నాను.

నంద్యాలలో మా పెరట్లో రోజూ పొద్దున్నే తాబేళ్ల తొట్టిలో పాత నీళ్లు తోడి జామచెట్టు మొదట్లో పోస్తాను. పాచి, చేప, తడిబండ కలిసిన వాసన ఒకటి లేస్తుంది. వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన వెంబడే మద్దిలేటన్న వస్తాడు. ఆళ్లగడ్డ పశువుల ఆసుపత్రిలో బతుకంతా కాంపౌండరుగా చేసిన మనిషి. పొట్టిగా ఉండేవాడు, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట థర్మామీటరు ఉండేది. ఏ సభలోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. నేనేమో కాలేజీ రోజుల నుంచే వేదికలెక్కి జాతకాల మీద, ముహూర్తాల మీద, బాబాల మీద వాదించిన దాన్ని. ఎదుటివాళ్ల మాటలో బీట ఎక్కడుందో వెతకడమే నాకు వచ్చిన విద్య. నా మాటలో బీట చూపించింది ఆయనొక్కడే.

మొదటిసారి ఆయన్ను చూసింది నేను ఆళ్లగడ్డలో లెక్చరరుగా చేరిన ఏడాది. నా పిల్లికి మెడ దగ్గర పుండైతే సంచిలో పెట్టుకుని తీసుకెళ్లాను. పుండు కడుగుతూ "ఏం పెడ్తాండావు దీనికి?" అన్నాడు. పాలన్నం తప్ప ఇంకేదీ ముట్టదని కాస్త గర్వంగానే చెప్పాను. మాత్ర వేయడానికి దాని నోరు తెరిచి, పంటి సందులోంచి ఏదో లాగి నా అరచేతిలో పెట్టాడు. చిన్న ఎర్రటి ఈక.

"మీ పాలన్నానికి ఈకలుంటాయా టీచరమ్మా?"

వెనక మేకను పట్టుకుని నిలబడిన రైతు పగలబడి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "పిల్లి పిట్టను పట్టడం ప్రకృతి. దానికి నీతులు చెబితే వింటుందా?" అన్నాను.

"దానికెందుకు చెప్తా? పిల్లి గుణం పిల్లిది. ఈడికి తెచ్చింది నువ్వు గదా. నీకు చెప్తాండా."

ఇంటికొచ్చి చూస్తే మందారచెట్టులో పిగిలిపిట్ట గూడు అలాగే ఉంది, గుడ్లు చల్లబడి ఉన్నాయి. తోక కింద ఎర్రటి ఈకలుండే ఆ పిట్ట నెల రోజులుగా నా కిటికీ ముందే తిరిగింది. అడవులు నరుకుతున్నవాళ్ల మీద వ్యాసాలు రాసే నేను, నా పెరట్లో జరుగుతున్నది చూడలేదు. పిట్టలు గూళ్లు పెట్టే కాలంలో పొద్దున ఎండెక్కేదాకా, సాయంత్రం పొద్దు వాలింది మొదలు పిల్లిని బయటికి వదలొద్దని మద్దిలేటన్న చెప్పాడు. కడుపు నిండా పెడితే వేట మానుతుందనుకోవడం వట్టి భ్రమ అని కూడా చెప్పాడు. పిల్లి తలుపు దగ్గర కూర్చుని నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. మరుసటి ఏడు అదే చెట్టులో మూడు పిల్లలు ఎగిరిపోయాయి. ఆ సంగతి చెబుదామని ఆసుపత్రికి వెళ్లాను. అట్లా మొదలైంది మా స్నేహం.

తరవాత నాకు నంద్యాలకు బదిలీ అయింది. ఆ రోజుల్లోనే అక్కడ ఇంటింటా తాబేళ్ల పిచ్చి పట్టింది. రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దవి, పచ్చటివి, కళ్ల వెనక ఎర్రటి చార ఉన్నవి. గాజుగిన్నెలో పెట్టి ఉత్తరం వైపు ఉంచితే ఇల్లు కలిసొస్తుందని ఒక వాస్తు సిద్ధాంతి ప్రచారం చేశాడు. తాబేళ్లను కూడా ఆయనే అమ్మించేవాడు. నేను ఊరుకుంటానా? ఒక హాల్లో బహిరంగ చర్చ పెట్టించాను.

"తాబేలు మొహం ఉత్తరానికి ఉండాలన్నారు. అది పడమటికి తిరిగితే?" అని అడిగాను.

"తిప్పి పెట్టుకోవాలమ్మా" అన్నాడు సిద్ధాంతి.

"రోజుకు ఎన్నిసార్లు? పని మానుకుని దాన్ని తిప్పుతూ కూర్చుంటే కలిసొచ్చేది ఎవరికండీ?"

హాలంతా నవ్వింది. ఆ రోజు గెలిచాననుకున్నాను. వారం తిరక్కుండా మా గుమ్మంలోకి బకెట్లు రావడం మొదలైంది. "ఇది మాకొద్దు మేడం. దీంతో ఏమీ కాదని మీరే గదా చెప్పింది" అని ఒకాయన బకెట్టు దించి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. అలా పదకొండు చేరాయి. కొన్నప్పుడు బిళ్లంత ఉన్నవి అప్పటికే అరచేయంత అయ్యాయి. నాకు పండగలా ఉంది. మూఢనమ్మకం నుంచి పదకొండు ప్రాణాలకు విముక్తి అని కరపత్రం వేయించాను. ఆదివారం వెలుగోడు జలాశయం ఒడ్డున సభ, జనం ముందే వాటిని నీళ్లలో వదలడం. సిద్ధాంతిని కూడా ఆహ్వానించాను. శుక్రవారం మద్దిలేటన్నను పిలిపించాను, వదిలేముందు వాటి ఆరోగ్యం చూస్తాడని.

ఆళ్లగడ్డ బస్సు దిగి వచ్చి, ఒక్కో తాబేలును వెల్లకిలా తిప్పి చూసి, "అన్నీ బాగుండాయి. యాడికి పోతాండాయి ఇవి?" అన్నాడు. కరపత్రం చేతికిచ్చాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పదా, ఒకసారి ఆడికి పోయొద్దాం" అన్నాడు.

వెలుగోడు చేరేసరికి ఎండ నిలువుగా ఉంది. ఒడ్డుకు దగ్గర్లో సగం మునిగిన తుమ్మమొద్దు ఒకటి ఉంది. దాని మీద రెండు బూడిదరంగు తాబేళ్లు మెడలు చాచి ఎండ కాగుతున్నాయి. మూడోది నీళ్లలోంచి ఎక్కబోయి చోటు చాలక జారిపోయింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది.

"సూసినావా?" అన్నాడు. "ఇవి ఈడ పుట్టినవి. ఇవే ఎండ కోసం తోసుకుంటాండాయి. నీ పదకొండు వచ్చి ఎక్కి కూచుంటే ఇవి యాడికి పోవల్ల? నీవి సముద్రాల అవతలి జాతి. ఇంకా పెద్దవైతాయి. చేపగుడ్లు తింటాయి, కప్పపిల్లల్ని తింటాయి, నీటి మొక్కను మిగలనియ్యవు. మన బకెట్లలో పట్టిన రోగం గూడా ఈడికి మోసుకొస్తాయి."

"ఇన్ని నీళ్లలో పదకొండు తాబేళ్లు ఏం చేస్తాయన్నా?"

"పదకొండే అని ఎవరు చెప్పినారు? నిన్ను సూసి ఊరు ఊరంతా బకెట్లు ఎత్తుకోని వస్తాది. నువ్వు మాట్లాడితే జనం వింటారు గదమ్మా. నా భయం అదే."

ఆయన ఒక గులకరాయి తీసుకుని చేతిలో తిప్పుతూ అన్నాడు: "వదిలితే పుణ్యమని వాళ్లంటారు. వదిలితే స్వేచ్ఛ అని నువ్వంటాండావు. నీళ్లకేం తెలుస్తాది తేడా?"

"కరపత్రాలు పంచేశాను. ఇప్పుడు వద్దంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"యాడన్నా పెట్టుకో. ఈ నీళ్లలో మాత్రం పెట్టొద్దు."

తిరుగు బస్సులో నా కరపత్రాన్నే మళ్లీ చదువుకున్నాను. ఇరవై ఏళ్లుగా నేను జనాన్ని అడిగింది ఒక్కటే. మీరు నమ్మేదాన్ని పరీక్షించారా అని. స్వేచ్ఛ అన్న మాటను నేను పరీక్షించలేదు. అది అందంగా ఉంది కాబట్టి నమ్మాను. మంత్రం నమ్మినవాడికీ నాకూ ఏమిటి తేడా?

ఆదివారం ఒడ్డున రెండు వందల మంది దాకా వచ్చారు. సిద్ధాంతి ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మూత పెట్టిన బకెట్లు నా పక్కన ఉన్నాయి. మైకు పట్టుకుని, ఈ తాబేళ్లను వదలడం లేదు, నేను తప్పు చేయబోయాను అన్నాను. మద్దిలేటన్న చెప్పిందంతా చెప్పాను, ఆయన పేరు పెట్టే చెప్పాను. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. సిద్ధాంతి లేచి చిరునవ్వుతో, "అయితే తాబేలుకు శక్తి ఉందని ఒప్పుకున్నట్టే కదమ్మా?" అన్నాడు.

"ఉందండీ. మీరు చెప్పిన శక్తి కాదు. ఈ నీళ్లను పాడుచేసే శక్తి. ఆ శక్తిని మీరు ఇంటింటికీ అమ్మారు, నేను ఇక్కడ కుమ్మరించబోయాను. మీరు అమ్మడం మానండి, నేను వదలడం మానుతాను."

ఈసారి నవ్వులు లేవు. ఎక్కడో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు, మెల్లగా అందరూ కలిశారు. దిగి వస్తే మద్దిలేటన్న రెండు బకెట్లు ఎత్తుకుని ముందే నడుస్తున్నాడు. "ఈ పొద్దు బాగా మాట్లాడినావు. బేగా రా, బస్సు పోతాది" అన్నాడు. నాకు దక్కిన సన్మానాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

తరవాతి నెలలో ఇద్దరం కలిసి పెరట్లో తొట్టి కట్టించాం. అడుగున బేతంచెర్ల బండల ముక్కలు వేశాం. ఒక బండను వాలుగా నిలిపాం, పదకొండూ ఒకేసారి ఎండ కాగేంత వెడల్పుగా. అవి తప్పించుకోకుండా చుట్టూ గోడ, పైన వల. మురికినీళ్లు కాలవలో కలపొద్దు, చెట్టుకు పొయ్యి అన్నాడు. తూటికూర, చిన్నచేపలు పెట్టమన్నాడు. మూలన ఇసుకలో అవి గుడ్లు పెడితే అదే రోజు తీసెయ్యమన్నాడు. మొదటిసారి గుడ్లను తియ్యకుండా మళ్లీ ఇసుకతో కప్పబోయాను. "పదకొండు చాలు. ఇంకా పుట్టించి ఎవరి నెత్తిన పెడ్తావు?" అన్నాడు, కఠినంగా కాదు, మెల్లగానే. ఆయనకు ప్రాణులంటే ఎంత ప్రేమో ఆ మాటలోనే నాకు తెలిసింది. నెలకొకసారి వచ్చేవాడు. వాలుబండ పక్కన కూర్చుని చాయ్ తాగుతూ వాటిని చూసి, "ఈ ముసలిది నీ మాదిరే, అందరినీ తోసి పైకెక్కుతాది" అని ఆటపట్టించేవాడు.

మూడేళ్ల కిందట ఆయన పోయాడు. రెండు చనిపోగా తాబేళ్లు తొమ్మిది ఉన్నాయి. ఈ జాతి నా తరవాత కూడా బతకొచ్చు. అందుకని నా పాత విద్యార్థిని ఒకామెను వాటిని సాకడానికి ముందే ఒప్పించి పెట్టాను. జామచెట్టు ఈ ఏడు కొమ్మలు వంగేలా కాసింది. పొద్దున నీళ్లు పోసి, ఆ వాసనలో కాసేపు నిలబడి, చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికి వెళ్తాను. తృప్తిగానే ఉంది. ఇప్పుడు ఏ వేదిక ఎక్కినా ఎదుటివాళ్లను అడిగే ప్రశ్నను ముందు నాకు వేసుకుంటాను. ఆయన నాకిచ్చి వెళ్లిన ఆస్తి అదే.

ఇక మీ సంగతి. పిట్టల గూళ్ల కాలంలో మీ పిల్లిని లోపల ఉంచండి. ముచ్చటగా ఉందని కొత్త ప్రాణిని కొనకండి. ఇంట్లో ఇప్పటికే ఉన్నదాన్ని చెరువులోనో కాలవలోనో వదిలి చేతులు దులుపుకోకండి. సాకలేకపోతే సాకగలిగినవాళ్లను వెతికి ఒప్పించి ఇవ్వండి. దొరికేదాకా మీరే సాకండి. ఈ పేజీ మూసి లేచి మీ తొట్టి ముందుకు వెళ్లండి. దీన్ని ఇక్కడికి తెచ్చింది ఎవరని మిమ్మల్ని మీరు అడగండి. ఆ జవాబు పైకి చెప్పాక, వదలడానికి ఎత్తిన బకెట్టు కింద పెట్టండి.