సాంచాల చప్పుడులో వైఫై పాస్‌వర్డ్

ఈ రోజు నా ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో రెండుసార్లు తెగిపోయింది. కంపెనీ వాళ్లు విసిగిపోయి రేపు మాట్లాడతామన్నారు. అనుమానం వచ్చి చూస్తే, మా వైఫైకి ఎవరెవరివో ఫోన్లు కలిసి ఉన్నాయి. పాస్‌వర్డ్ మా నాన్న పేరే మరి! కోపంతో అక్షరాలూ అంకెలూ కలిపి, ఎవరూ ఊహించలేని కొత్తది పెట్టాను.

అది నాన్నకు చెబుదామని ముందు గదిలోకి వెళ్లాను. సిరిసిల్లలో మా ఇంటి ముందు గది నిండా బట్ట నేసే సాంచాలే. ఆ మోతలో ఆయనకు ఏమీ వినపడలేదు.

"ఏంది బిడ్డా? గట్టిగ చెప్పు!"

గొంతు చించుకుని మొదలుపెట్టానో లేదో, కరెంటు పోయి సాంచాలన్నీ ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచీ వాటి మధ్య మాట్లాడిన గొంతు కదా, అంత తొందరగా తగ్గలేదు. చివరిదాకా అరిచేశాను.

ఎదురింటి లక్ష్మక్క గడపలోంచి తాపీగా అడిగింది. "చెల్లే, ఆఖరుది సున్ననా, ఇంగ్లీషు ‘ఓ’ అక్షరమా?"

నేను నోరు తెరిచేలోపే నాన్న జవాబిచ్చాడు. "సున్ననే లక్ష్మీ, సున్న!"

రేపటి ఇంటర్వ్యూలోపు పాస్‌వర్డ్ మళ్లీ మార్చాలి. మార్చడం నాకు వచ్చు. నాన్నకు చెప్పడం ఎలాగో మీరే చెప్పండి.